ఆఖరి బోల్టు మా నాయనది

బోల్టు మర తెగిపోయిన సంగతి కంటికంటే ముందు మణికట్టుకు తెలుస్తుంది. పానా పట్టి తిప్పుతుంటే బోల్టు బిగుసుకుంటూ, చేతికి ఎదురు తిరుగుతూ దిగుతుంది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటాం. ఉన్నట్టుండి ఆ ఎదురు పోతుంది. పానా సులువుగా తిరిగేస్తుంది. తెలియనివాడు భలే దిగిందని సంతోషపడతాడు. తెలిసినవాడు పానా ఆపేస్తాడు. బోల్టు బయటికి తీస్తే దాని పళ్ళకు వెండి రంగు సన్నటి చుట్ట ఒకటి అంటుకుని వస్తుంది. అది ఇంజన్ బ్లాకు లోపలి అల్యూమినియం మర. బోల్టును పట్టుకునేదే అది. అది చేతిలోకొచ్చాక బోల్టు ఎంత మంచిదైనా ఒకటే, లేకపోయినా ఒకటే. నా ఓపికలో సగం ఆ చుట్టలు ఏరడంలోనే అయిపోయింది. మిగిలిన సగం మా నాయనతో.

మాది బీదరు. హైదరాబాదు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు మా షాపు. బోర్డు కన్నడంలో ఉండేది, బేరాలు దక్కనీలో సాగేవి, తిట్లు, ప్రార్థనలు మాత్రం తెలుగులో. షాపు పెట్టింది నాయన. ఆయన కాలంలో వచ్చినవన్నీ జీపులు, ట్రాక్టర్లు, బగ్దల్ రైతుల నీటి మోటార్ల ఇంజన్లు. అన్నీ పోత ఇనుము. పానా చివర పైపు తొడిగి ఇద్దరు మనుషులు వేలాడినా ఆ ఇనుము ఉలికేది కాదు. నాయన చేతులు ఆ ఇనుము దగ్గరే చదువుకున్నాయి. ఆయన దృష్టిలో బిగించడమంటే ఇక కదలనంతగా బిగించడమే.

మా షాపుకు ఒక ఆచారం ఉండేది. ఇంజన్ మొత్తం విప్పి కట్టాక ఆఖరి బోల్టు షాపులో పెద్దవాడే బిగించాలి. ఆ పద్ధతి నాయనకు వాళ్ళ ఉస్తాదు నుంచి వచ్చింది. ఉస్తాదు బిస్మిల్లా అని బిగించేవాడట. మేము క్రైస్తవులం కాబట్టి నాయన ఎడమచెయ్యి ఇంజన్ మీద వేసి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బండిని, దీన్ల ఎక్కేటోళ్ళను నీ చేతికి అప్పజెప్తున్న" అనేవాడు. బండి సొంతదారు ఎవరైనా చేతులు కట్టుకుని పక్కన నిలబడాల్సిందే. ఒకరు ఆమీన్ అనేవారు, ఇంకొకరు నిమ్మకాయ పట్టుకుని తన వంతు కోసం ఆగేవారు. అప్పుడు నాయన కళ్ళు తెరవకుండానే కుడిచేత్తో పానా గుంజేవాడు. బోల్టు పూర్తిగా బిగిశాక ఇంకొక్క గుంజు. అది దేవుని పేరు మీద.

ఆ గుంజుకు పేరే దేవుని గుంజు. చిట్గుప్ప దాకా తెలుసు ఆ పేరు. బండి తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది, "ఉస్తాద్ చెయ్యి పడ్డదా?" అనే. పడలేదంటే ఎంత పొద్దుపోయినా కూర్చునేవారు.

ఇనుము ఉన్నంతకాలం దేవుని గుంజుతో ఎవరికీ నష్టం లేదు. తర్వాత హైదరాబాదు పొంగడం మొదలైంది. అక్కడ ఆఫీసులు లేచేకొద్దీ ఇక్కడ బీదరులో కార్లు పెరిగాయి. ప్లాట్లు చూపించేవాడికి కారు, చూడ్డానికి పోయేవాడికి కారు, ఉద్యోగాల్లో చేరిన పిల్లలను దించి రావడానికి కారు, పెద్ద ఆసుపత్రికి పోవడానికి కారు. అన్నీ తేలికపాటి కొత్త బండ్లు. బానెట్ ఎత్తితే నల్లటి ఇనుముకు బదులు తెల్లగా మెరిసే అల్యూమినియం బ్లాకు. నాయన మొదటిసారి దాన్ని చూసి వేలితో తట్టి, "ఇది ఇంజనా, వంటగిన్నెనా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. అల్యూమినియం మెత్తన. స్టీలు బోల్టు గట్టిది. ఆ రెండింటి మధ్య గొడవ వస్తే ఎప్పుడూ మెత్తనిదే చిరుగుతుంది. బ్లాకు మీద మూతలా కూర్చునే హెడ్డు బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ మారుస్తూ, ఒక్కసారి కాకుండా విడతలుగా బిగించాలి. మూల బోల్టుతో ముగుస్తుంది. మూల బోల్టు నాయనది. నేను మిగిలినవన్నీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని బిగించాక ఆయన వచ్చి, ప్రార్థన చేసి, గుంజి, దేవుని పేరు మీద ఇంకోసారి గుంజేవాడు. పానా మెత్తగా తిరిగేది. ఆయన కళ్ళు తెరిచి, "బిగిసింది" అనేవాడు. నేను ఆయన అటు పోయేదాకా ఆగి బోల్టు తీసి చూసుకునేవాణ్ణి. వెండి చుట్ట.

మా బామ్మర్ది టాక్సీకి అయినప్పుడు మాత్రం దాచడానికి కుదరలేదు. వాడు రోజూ బీదరు నుంచి హైదరాబాదుకు మనుషులను చేరవేసేవాడు. హెడ్డు ప్యాకింగు పోయి నీళ్ళు నూనెలో కలిస్తే ఇంజన్ మొత్తం దింపాం. కట్టడం అయ్యాక నాయన చెయ్యి వేశాడు, గుంజాడు, మళ్ళీ గుంజాడు. నా పక్కనే నిలబడ్డ బామ్మర్దికి కూడా పానా మెత్తబడ్డ సంగతి కనబడింది. వాడు డ్రైవరే కానీ గుడ్డివాడు కాదు.

నాయన టీకి పోగానే బామ్మర్ది మెల్లగా అడిగాడు. "బావ, చూడీ పోయింది గదా?"

మర తెగడాన్ని మా దగ్గర చూడీ పోవుడు అంటారు. "పోయింది. నోరు మూస్కో" అన్నాను.

"మామకు చెప్పరాదు? ఎన్ని ఇంజన్లని ఇట్ల?"

"నువ్వే చెప్పు పో. నీకు మామనే గదా."

వాడు తల అడ్డంగా ఊపాడు. ఊళ్ళో ఎవరికీ లేని ధైర్యం వాడికి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

మర బాగుచేయడం ఎంత విసుగు పనో చేసినవాడికే తెలుసు. హెడ్డు మళ్ళీ దించాలి. నీటి దారులు, నూనె దారులు అన్నింట్లో గుడ్డలు కుక్కాలి. డ్రిల్లు రజను ఒక్క పిసరు లోపలికి పోయినా మళ్ళీ ఇంజన్ గోవిందా. తెగిన రంధ్రాన్ని డ్రిల్లుతో ఒక నంబరు పెద్దది చేయాలి. ఆ డ్రిల్లు వెంట్రుకవాసి వంకర పోయినా బోల్టు జన్మలో నిలువుగా కూర్చోదు. అందుకని నేను డ్రిల్లు పట్టినప్పుడు బామ్మర్ది పక్క నుంచి చూసి అటు, ఇటు అని చెప్పేవాడు. తర్వాత ట్యాపు అనే పళ్ళ కడ్డీతో కొత్త మర కొయ్యాలి. అల్యూమినియం ట్యాపును పట్టుకుని వదలదు, జిడ్డు బంధువు లాంటిది. కిరోసిన్ చుక్కలు వేస్తూ సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి. గాలి కొట్టి శుభ్రం చేశాక స్ప్రింగులా ఉండే స్టీలు మరను అందులోకి తిప్పి దింపి, దాని అడుగున ఉండే చిన్న తోకను తట్టి విరిచి, ఆ తోకను కూడా బయటికి తీయాలి. ఆ స్టీలు మరల సెట్టు కోసం సికింద్రాబాదు రాణీగంజ్ దాకా పోయి వచ్చాను. అది వచ్చాక పని మంచిగానే నిలిచేది. అసలు మరకన్నా ఇదే గట్టిది. కానీ నడుము నాది, మోకాళ్ళు నావి. ఒకే ఇంజన్‌ను రెండుసార్లు కట్టడమంటే వండిన అన్నం పారబోసి మళ్ళీ ఎసరు పెట్టడమే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేది ఒకరు, కడుక్కునేది ఇంకొకరు అయితే ఏం చేయాలో సామెత చెప్పలేదు.

నాయనకు ఇంకో అలవాటు కూడా ఉండేది. బోల్టు నున్నగా దిగాలని రంధ్రంలో నూనె పోసేవాడు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె పోస్తే బోల్టు దిగేటప్పుడు దానికి పోయే దారి ఉండదు. బ్లాకే పగులుతుంది. ఆ నూనె డబ్బా మాత్రం దాచేయగలిగాను. చెయ్యిని ఎక్కడ దాచను?

మా ఇంటామెకు రోజూ నా గొణుగుడు విని విని విసుగొచ్చింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది. "ఎందుకు గింత పరేశాన్ అయితవ్? మామకు సీదా చెప్పు. ఇగ పానా పట్టకని."

చెప్పడానికే పోయాను. నాయన షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. దగ్గరి చూపు తగ్గాక మిగతా పనులన్నీ ఒక్కొక్కటిగా ఆయన చేతి నుంచి జారిపోయాయి. వాల్వులు సరిచేయడం నేను తీసుకున్నాను, పంపు పని ఇంకొకడికి పోయింది. పొద్దున చొక్కా వేసుకుని షాపుకు రావడానికి ఆయనకు మిగిలింది ఆ ఒక్క బోల్టే. నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు. "రేపు గా చిట్గుప్పోని ఇంజన్ అయితది గదా? జల్ది వస్త. నేను రాకముందు బండి ఇయ్యకు."

"ఇయ్య నాయినా" అన్నాను. అంతే. చెప్పదలచుకున్నది చెప్పకుండానే షెడ్డులోకి పోయాను.

ఆ రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. కొత్తగా టార్క్ పానా కొన్నాను. ఎంత బలంతో బిగించాలో దానిమీద పెట్టుకుంటే, అంత కాగానే టక్‌మని చెబుతుంది. దాన్ని నాయన చేతికిచ్చి హెడ్డు బోల్టులు ఇక దీంతోనే బిగించాలన్నాను. ఆయన దాన్ని తిప్పి చూసి నా ఒళ్ళోకి తోసేశాడు.

"పానా చెప్తే మనిషి వినాల్నా? నేను ముట్ట. నీ టక్ పానా నువ్వే పట్టు."

నేను అనుకున్నట్టే జరిగింది. "సరే, హెడ్డు నేను జేస్త. ఆఖరికి డైనమో బ్రాకెట్ బోల్టు ఉంటది గదా, అది నీది. దాని తర్వాత ఇంజన్ల ఇంకో బోల్టు లేదు" అన్నాను. ఆఖరిది కావడమే ఆయనకు ముఖ్యం. కాసేపు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు.

బ్రాకెట్ బోల్టు కూడా ఆ అల్యూమినియం బ్లాకులోకే దిగుతుంది. దేవుని గుంజుకు అదీ తెగుతుంది. అందుకని ఆ రోజు నుంచి మా షాపుకు ఇంకో ఆచారం మొదలైంది, నాయనకు తెలియనిది. ఆయన రాకముందే, తెగని ఆ మంచి రంధ్రాన్ని డ్రిల్లు చేసి, ట్యాపు వేసి, స్టీలు మర దింపి ఉంచేవాణ్ణి. రోగం రాకముందే మందు. బండివాళ్ళకు చెప్పే చేసేవాణ్ణి, గట్టిపడుతుందంటే ఎవరు వద్దంటారు? నాయన వచ్చి, కళ్ళు మూసి, ఇనుములో గుంజినట్టే గుంజేవాడు. స్టీలు నిలిచేది. ఆయన ముఖంలో పాత వెలుగు వచ్చేది. నాకేమో అదనపు పని. ప్రతి ఇంజన్‌కూ ఆ కిరోసిన్ వాసన, ఆ సగం చుట్టు, పావు చుట్టు. విసుగొచ్చినప్పుడల్లా, ముసలాయనకు ఈ బలం ఎక్కడి నుంచి వస్తుందిరా దేవుడా, కొంచెం తీసుకోరాదా అని గొణిగేవాణ్ణి. అలవాటుగా అనేసేవాణ్ణే తప్ప, వినేవాడు ఉన్నాడని అనుకోలేదు.

హైదరాబాదు ఇంకా పెరిగింది. మా రోడ్డు మీద కమలనగర్ వైపు నుంచి మరాఠీ మాట్లాడుతూ వచ్చే బండ్లు కూడా ఆగేవి. పని తెమిలేది కాదు. ఆదివారం చర్చిలో పాట పాడుతూనే నిద్రపోయేవాణ్ణి. మా ఇంటామె మోచేత్తో పొడిచేది.

అలాంటి రోజుల్లోనే ఒకసారి బామ్మర్ది జహీరాబాదు దగ్గరి నుంచి వెనక్కి తిరిగి వచ్చాడు. వాడి ఇంజన్ మళ్ళీ పనికొచ్చి, ఈసారి నాయన చేత బ్రాకెట్ బోల్టు బిగింపించి ఎక్కువ రోజులు కాలేదు. "బావ, బెల్టు కుయ్యోమని ఒర్లుతాంది. లోపల ఏదో ఊగుతాంది" అన్నాడు. ఆసుపత్రికి పోవాల్సిన వాళ్ళను ఇంకో బండి ఎక్కించి వచ్చానని కూడా చెప్పాడు.

బానెట్ ఎత్తి డైనమో పట్టుకుంటే బ్రాకెట్‌తో సహా ఊగింది. నాకు ఒళ్ళు మండింది. స్టీలు కూడా ఆగలేదా ఈయన చేతికి? ఇక బ్లాకులో ఏం పెట్టాలి, రైలు పట్టా పెట్టాలా? తిట్టుకుంటూ పానా కోసం చెయ్యి చాపాను. పానా అవసరం కాలేదు. బోల్టు వేళ్ళతోనే వచ్చేసింది.

చుట్ట కోసం చూశాను. లేదు. బోల్టు పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. లైటు వేసి రంధ్రంలోకి చూశాను. స్టీలు మర నేను పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. బోల్టు మళ్ళీ పెట్టి పానాతో తిప్పాను. దిగింది, ఎదురు తిరిగింది, బిగిసింది. ఎక్కడా ఏ లోపమూ లేదు. అది తెగలేదు. వదులు కాలేదు. అసలు ఎప్పుడూ బిగియనే లేదు.

"ఏమైంది బావ? చూడీనా?" అని బామ్మర్ది వంగి చూశాడు.

"లేదు" అన్నాను. బానెట్ కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. ఆ వెండి చుట్ట ఒక్కటి నా చేతికి వచ్చి ఉంటే దాన్ని కళ్ళకద్దుకునేవాణ్ణి. ఇంజన్ మళ్ళీ దించాల్సి వచ్చినా సంతోషంగా దించేవాణ్ణి.

తర్వాతి ఇంజన్ రోజు నేను నాయన పక్కనే నిలబడ్డాను. అప్పటిదాకా ఆయన గుంజేటప్పుడు పానా వైపే చూసేవాణ్ణి, తెగుతుందేమోనని. ఆ రోజు చెయ్యి చూశాను. ప్రార్థన అదే, గొంతు అదే. కళ్ళు మూసుకుని "హూ" అని గుంజాడు. మోచేతి నుంచి వేళ్ళ దాకా వణికింది. పానా కదల్లేదు. దేవుని పేరు మీద ఇంకోసారి గుంజాడు. భుజం కదిలింది, పానా కదల్లేదు. "బిగిసింది" అన్నాడు. బండి సొంతదారు దండం పెట్టి టీకి పోయాడు.

నాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరగకుండానే అడిగాడు. "చూడీ పోలేదు గదా?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. "ఏ చూడీ నాయినా?"

"నాకు తెల్వదనుకున్నవా? నేను గుంజినంక నువ్వు మల్ల హెడ్డు దింపుతుంటివి. టీ కొట్టుకాడికెంచి కనబడకపోవునా?" తువ్వాలు భుజం మీద వేసుకోబోయాడు. అది జారిపోతే మళ్ళీ అందుకున్నాడు. "అందుకే ఇప్పుడు మెల్లగ గుంజుతున్న. మెత్తటి సామాను గదా. దేవుని గుంజు మెల్లగైతే దేవుడేం గుస్సా చెయ్యడు."

ఆయన చెయ్యి తువ్వాలు కింద ఇంకా వణుకుతూనే ఉంది. నేను చూడనట్టే ఉన్నాను.

"పోలేదు నాయినా. బరాబర్ బిగిసింది" అన్నాను.

"మల్ల? నేర్సుకుంటే ఎంతసేపు" అని తలూపి, నెమ్మదిగా నడుచుకుంటూ పోయి తన స్టూలు మీద కూర్చున్నాడు.

నేను గాలి మిషను స్విచ్చి వేశాను. అది చప్పుడు చేయడం మొదలుపెట్టాక టార్క్ పానా తీసుకుని ఆ బోల్టు మీద పెట్టాను. ముప్పావు చుట్టు తిరిగింది. తర్వాత టక్‌మంది. నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

మరుసటి ఇంజన్‌కు మళ్ళీ డ్రిల్లు పట్టాను. బామ్మర్ది పక్కన కూర్చుని చూస్తున్నాడు. వాడికి అప్పటికి అంతా అర్థమైంది. "ఇంక గా స్టీలు చూడీ ఎందుకు బావ? మామ చేతిల బలమేడున్నది?" అన్నాడు.

"నీ పని నువ్వు చూస్కో" అని కసిరాను. మా నాయన గుంజితే తెగుతుందన్న భయం నాకు ఇంకా కావాలి. ఆ మాట వాడికి చెప్పలేదు. ట్యాపుకు కిరోసిన్ వేశాను. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. నడుము నొప్పిగానే ఉంది. స్టీలు మర దింపి, తోక విరిచి, గాలి కొట్టి, బోల్టును వేళ్ళకు తిరిగినంత మేర తిప్పి ఉంచాను.

బయట స్టూలు కదిలిన చప్పుడైంది.

"అయ్యిందా? నా బోల్టు పెట్టినవా?"

"పెట్టిన నాయినా" అన్నాను. "రా."